తాంబూలంలో తాళం చెవి

కొత్త బండికి మహానందిలో పూజ చేయించుకు రావాలని కర్నూలు నుంచి బయలుదేరిన కేశవయ్య కుటుంబం ఓర్వకల్లు రాతిగుట్టల మధ్య రోడ్డున పడింది. కిందటి భాగంలో వాళ్ళను అక్కడే వదిలి వచ్చాం. బయానా ఇచ్చి సెకండ్ హ్యాండులో కొనబోతున్న ఆ నల్లటి జపాను బండి ఎత్తు ఎక్కలేక రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. డ్రైవరు అయ్యన్న ఫిల్టరు విప్పి, అందులోని నూనెను తీర్థం కోసం తెచ్చుకున్న స్టీలు చెంబులోకి వంపాడు. డీజిలైతే లేత పసుపుగా ఉండాలి. చెంబులోది నీలంగా ఉంది. కేశవయ్య భార్య రాజ్యలక్ష్మమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. గ్యాసు పొయ్యి ఇంటికి రాకముందు ఆమె ఏళ్ళ తరబడి పీల్చిన వాసన అది.

“ఇది రేషను కిరసనాయిలండీ,” అంది.

బండిని ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. వన్ టౌనులో అంగళ్ళ వాళ్ళంతా గల్లాపెట్టెలు వదిలి బయటికొచ్చి చూశారు. పూజ బండికి చేయించినావా ట్రాక్టరుకు చేయించినావా శెట్టీ అని ఎవరో అడిగారు. కేశవయ్య తల వంచుకుని నడిచాడు. శెనక్కాయల మార్కెట్లో తలెత్తుకుని బతికిన మనిషి తన వీధిలోనే అట్లా నడవాల్సి రావడం రాజ్యలక్ష్మమ్మ గుండెల్లో మంట పెట్టింది.

కూతురు పద్మప్రియ మాత్రం ఇంటికి రాగానే సెల్‌ఫోను తీసుకుని మేడ మీదికి వెళ్ళింది. హైదరాబాదులో ఆ రకం బండ్లు బాగుచేసే వర్క్‌షాపు వాళ్ళతో చాలాసేపు మాట్లాడింది. దిగి వచ్చాక వాళ్ళు చెప్పింది అమ్మానాన్నలకు మెల్లగా వివరించింది. ఈ కొత్త రకం డీజిలు ఇంజను నూనెను విపరీతమైన ఒత్తిడితో, వెంట్రుకంత సన్నటి రంధ్రాల గుండా లోపలికి కొడుతుంది. ఆ పంపు అరగకుండా కాపాడేది డీజిల్లో ఉండే జిడ్డే. కిరసనాయిల్లో ఆ జిడ్డు లేదు. ఒకసారో రెండుసార్లో పోస్తే ఇట్లా కాదు, చాలాకాలంగా పోస్తూ ఉంటేనే ఇంత దూరం వస్తుంది అన్నారు. పంపు మార్చాలి, నూనె చిమ్మే నాజిళ్ళు మార్చాలి. అవి మార్చినా లోపల ఇంకేం చెడిందో ఇంజను విప్పితే గానీ చెప్పలేమన్నారు.

అది చెబుతున్నప్పుడు ఆమె గొంతు వణకలేదు. వణికి ఉంటే బాగుండేదని తల్లికి అనిపించింది. భర్త పోయి పుట్టింటికి చేరిన నాటి నుంచి పద్మప్రియ ఎవరి ముందూ చేయి చాచలేదు. నంద్యాల రోడ్డులో భర్త కొన్న స్థలం ఒక్కటే ఆమెకు మిగిలింది. అది అమ్మి, మంచి పెద్దబండి ఒకటి కొని, అహోబిలం, యాగంటి, మహానంది, శ్రీశైలం చూడవచ్చే కలిగినవాళ్ళకు కిరాయికి తిప్పాలని ఆమె ఆలోచన. కార్తీకానికి రాబోయే బెంగుళూరు కుటుంబాలకు అప్పుడే మాట కూడా ఇచ్చింది. స్థలం అమ్మేసింది, ఆ డబ్బులో పెద్ద భాగం ఈ బండికి బయానాగా వెళ్ళిపోయింది. బండి వాకిట్లో శవంలా పడి ఉంది.

అసలు ఆ ఇంట్లో నెలరోజుల పాటు నడిచిన వాదమంతా పెట్రోలా, డీజిలా అన్నదే. కడపలో కంటి డాక్టరు ఒకాయన తన తెల్లబండి అమ్ముతున్నాడని తెలిసి తండ్రీకూతుళ్ళు ముందు అక్కడికే వెళ్ళారు. అది పెట్రోలు ఇంజను. లోపల కూర్చుంటే ఆడుతోందో ఆగిందో తెలియనంత నెమ్మది. ఎక్కువ తిరగలేదు. ధర కూడా తక్కువే, ఎందుకంటే పెట్రోలు తాగే పెద్దబండిని ఈ సీమలో సెకండ్ హ్యాండులో అడిగేవాడు లేడు. పద్మప్రియకు అది నచ్చింది. కేశవయ్యకు నచ్చలేదు. శ్రీశైలం ఘాటు ఎక్కి దిగాల్సిన కిరాయి బండికి పెట్రోలు పోస్తే వచ్చిందంతా బంకు వాడికే పోతుందన్నాడు. మార్కెట్లో అడిగిన ప్రతివాడూ డీజిలే అన్నాడు. వాళ్ళ లెక్క తప్పని ఎవరనగలరు? కిరాయికి తిరిగే బండికి డీజిలు అనుకోవడం తప్పు కాదు. ఆ డీజిలు ఇంజను ఇన్నాళ్ళూ ఏం తాగి బతికిందని అడగకపోవడం దగ్గరే పొరపాటు జరిగింది.

ఎందుకు అడగలేదంటే, అమ్మినవాడు ఓబుళేశు. ఆలూరులో పెద్ద కమతం. ఊళ్ళో గుడి కమిటీకి పెద్ద. నుదుట నామం లేకుండా గడప దాటడు. కేశవయ్య నూనె మిల్లుకు ఆయన శెనక్కాయలు తోలని ఏడు లేదు. బండి చూపించిన రోజు కేశవయ్య తన మిల్లులో ఆయిలింజనును పరీక్షించినట్టే, ఆడుతున్న ఇంజను మీద రూపాయి బిళ్ళను అంచు మీద నిలబెట్టాడు. బిళ్ళ పడలేదు. ఓబుళేశు నవ్వి, తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు ఉన్న పళ్ళెంలో తాళం చెవి పెట్టి, కేశవయ్య ఇంటి పూజగదిలో నరసింహస్వామి పటం ముందుంచాడు. ఇచ్చినాను అన్నాడు. కేశవయ్య పళ్ళెం అందుకుని కళ్ళకద్దుకున్నాడు. కాగితాల మీద సంతకాలు ఇంకా కాలేదు. కానీ ఆ బజారులో సంతకం కంటే తాంబూలమే పెద్దది. తాంబూలం పుచ్చుకున్నాక కొనేవాడు వెనక్కి పోతే బయానా వదులుకోవాలి. అమ్మేవాడు మాట తప్పితే బయానాకు రెట్టింపు ఇవ్వాలి. ఏ కోర్టుకూ పోకుండా తాతల నాటి నుంచీ నడుస్తున్న కట్టుబాటు అది.

మరునాడు పొద్దున్నే కబురందుకుని ఓబుళేశు వచ్చాడు. వెంట ఆయన భార్య సుబ్బరత్నమ్మ కూడా ఉంది. కర్నూలులో చుట్టాలింట్లో ఏదో శుభకార్యం, అటే పోవాలట. ఆమె కొంగు భుజాల మీదుగా కప్పుకుని నేరుగా వంటింట్లోకి నడిచింది. ఆయన నడవాలో బెంచీ మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, వాకిట్లోని బండిని చూసి నవ్వాడు.

బండన్నాక ఆగుతుంది, దానికి ఇంత మొహం పెట్టుకోవాలా అని కేశవయ్యను ఎగతాళి చేశాడు. అయ్యన్నకు గేర్లు వేయడం రాదన్నాడు. తర్వాత బంకులో కల్తీ పోసి ఉంటారన్నాడు. ఏ బంకని పద్మప్రియ అడిగితే పేరు గుర్తు రాలేదు. నీలం రంగు సంగతి ఎత్తితే, ఎండలో కళ్ళు బైర్లు కమ్మితే అన్నీ నీలంగానే కనబడతాయని నవ్వేశాడు. ప్రతి మాటకీ ముందు నరసింహస్వామిని తలచుకున్నాడు.

రాజ్యలక్ష్మమ్మ రెండు లోటాల్లో కాఫీ తెచ్చింది. ఒకటి ఆయనకిచ్చింది. రెండోది వెనకే వచ్చి గోడవార చాప మీద కూర్చున్న సుబ్బరత్నమ్మ ముందు పెట్టింది. ఓబుళేశు జుర్రుకుంటూ తాగాడు.

“కాఫీ శానా బాగుండాదక్కా,” అన్నాడు.

“వాసనేమన్నా వస్తాండాదా అన్నా?”

“లేదే. ఎందుకు?”

“గ్యాసు మీద కాచలేదు. అటక మీంచి పాత కిరసనాయిలు వత్తుల స్టవ్వు దించినా. నీ బండిలోంచి తీసిన నూనె సగం దాంట్లో పోసి వెలిగిచ్చినా. కొంచెం పొగొచ్చింది గానీ, బాగానే మండింది.”

ఓబుళేశు లోటాలోకి చూశాడు. గోడవార సుబ్బరత్నమ్మ కాఫీ ముట్టలేదు. దాని మీద మీగడ కట్టింది. వంటింట్లో ఆ స్టవ్వు పక్కన నిలబడి అంతా చూసిన మనిషి ఆమె. చూసి కూడా భర్తకు ఒక్క సైగ చేయలేదు.

అబద్ధం పట్టుబడ్డాక మనిషి తల దించుకుంటాడని మనం అనుకుంటాం. ఓబుళేశు తల దించలేదు. లోటా పక్కన పెట్టి, మీసం తుడుచుకుని, అదంత పెద్ద విషయమే కాదన్నట్టు మాట్లాడాడు.

“సరే, పోసినా. అయితే ఏం? మా నాయిన కాలం నుంచి బావి కాడ ఆయిలింజను నడిచింది దేంతో? డీజిలుతో పట్టిచ్చేది, వేడెక్కినాక కిరసనాయిలుకు మార్చేది. నేను పుట్టకముందు నుంచి ఆడిన ఇంజను అది, ఇప్పటికీ ఆడుతాండాది. బావి కాడిదైతే ఏం, బండిలోదైతే ఏం? డీజిలు ఇంజను డీజిలు ఇంజనే కదప్పా.”

ఆయన ఆ మాట నమ్మే అన్నాడు. అదే చిత్రం. మెట్టపొలాల మీద బతికిన వాళ్ళంతా ఆ పని చేసినవాళ్ళే. కేశవయ్య మిల్లు ఇంజను కూడా అట్లానే నడిచింది. మొరటుగా కొట్టుకునే ఆ పాత ఇనుము దేన్నైనా హరాయించుకునేది. కోట్లు పెట్టి తయారుచేసిన ఈ సున్నితమైన పంపునూ దాని లెక్కలోనే కట్టాడు ఓబుళేశు. ఆ మాటకు కేశవయ్య మెత్తబడటం, అవును కదా అన్నట్టు తల ఆడించబోవటం పద్మప్రియ చూసింది.

ఆమె తండ్రిని వదిలి ఓబుళేశును అడిగింది. కార్డుకు ఇచ్చే కిరసనాయిలు ఒక ఇంటి పొయ్యికే నెలంతా రాదు. ఇంత పెద్దబండి ట్యాంకు నిండేంత మీకు ఎక్కడిదని అడిగింది.

“కిరసనాయిలుకేం కొదవ పాపా? రేషనంగడి మా ఇంట్లోదే కదా,” అన్నాడు ఓబుళేశు. అనేసి, ఆగాడు. కానీ ఆ మాట నడవాలో పడిపోయింది.

రాజ్యలక్ష్మమ్మ ఖాళీ లోటా తీసుకోవడానికి వంగినది, వంగినట్టే ఉండిపోయింది. పెళ్ళైన కొత్తలో, ఇంకా మిల్లు నిలదొక్కుకోని రోజుల్లో, ఆమె కూడా రేషను వరుసలో నిలబడింది. ప్లాస్టిక్ క్యాను చేత పట్టుకుని, చంటిబిడ్డ పద్మను చంకన వేసుకుని. మధ్యాహ్నం దాకా నిలబెట్టి, స్టాకు రాలేదని రేకు తలుపు దించేవాళ్ళు. రాలేదంటే నిజంగానే రాలేదనుకుని తిరిగి వచ్చేది. అందరూ అట్లానే తిరిగి పోయేవాళ్ళు. ఎవరినీ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. ఆమె నిటారుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

“బండి చెడిపోతే బాగుచేసుకోవచ్చు. అది ఒక పక్క. ఎండలో క్యాను పట్టుకోని నిలబడి, లేదంటే తిరిగి పోయి, కంపలు ఏరుకోని కళ్ళల్లో పొగ పెట్టుకున్న ఆడదాని పొయ్యిలోది అన్నా ఇది. దాన్ని ఎత్తుకొచ్చి బండిలో పోసి, అద్దాలెత్తి, ఏసీ వేసుకోని అహోబిలం పోయినావు. పోయి స్వామికి ఏమని మొక్కుకున్నావు?”

ఆడవాళ్ళతో ఇంజన్ల సంగతి, రాజకీయాల సంగతి మాట్లాడే అలవాటు తనకు లేదన్నాడు ఓబుళేశు. కేశవయ్య వైపు తిరిగి కూర్చున్నాడు. ఊళ్ళో రేషను డీలర్లంతా చేసేదే తాను చేశానన్నాడు. పైవాళ్ళకు, కింది వాళ్ళకు అందరికీ ముట్టజెప్పాకే బ్యారెలు కదులుతుందన్నాడు. చివరికి అసలు మాట మీదికి వచ్చాడు.

“శెట్టీ, తాంబూలం పుచ్చుకుండేది నువ్వు. స్వామి ముందర పుచ్చుకుంటివి. మిగతా దుడ్లు కట్టి బండి తీసుకో. వద్దంటావా, పళ్ళెం వెనక్కియ్యి. బయానా మాత్రం మర్చిపో. కట్టుబాటు నీకు నేను చెప్పాల్నా?”

ఎంత తేలిగ్గా అన్నాడు. బండి తీసుకుంటే పద్మప్రియ ముక్కలైన ఇంజనును కొనుక్కున్నట్టు. వద్దంటే స్థలం పోయినట్టు, ఆమె బతుకుతెరువు పోయినట్టు. రెండు వైపులా పోయేది ఆ పిల్లదే. మోసం చేసినవాడికి ఏ వైపూ నష్టం లేదు. ధర్మం కోసం పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు ఇట్లా అబద్ధికుడి చేతి కర్ర కావడానికేనా?

కేశవయ్య తాంబూలం పుచ్చుకుని వెనక్కి పోయిన రోజు లేదు. ఒక ఏడు శెనక్కాయల ధర పడిపోయి మిల్లు మూతపడే స్థితి వచ్చినా, ఒప్పుకున్న ధరకే ఒప్పుకున్న బస్తాలన్నీ దించుకున్నాడు. ఆ పేరే ఆయన ఆస్తి. పద్మప్రియ తండ్రి మొహం వైపు చూసి, చూపు తిప్పుకుంది. మాట నిలుపుకో నాయనా అనీ అనలేదు, వదులుకో అనీ అనలేదు.

రాజ్యలక్ష్మమ్మ భర్త పక్కకు వచ్చి నిలబడింది.

“ఏమండీ, నాకు తెలీక అడుగుతాండా. ఆ పొద్దు తాళం చెవి స్వామి ముందర పెట్టినారు. మీరు ఏం ఇస్తాండారో స్వామికి తెలుసు, దాపరికం లేదు. ఆయన ఏం ఇస్తాండాడో స్వామికి చెప్పినాడా? చెప్పకుండా పెట్టిన పళ్ళానికి స్వామిని సాక్షి అనొచ్చా?”

కేశవయ్య లేచి పూజగదిలోకి వెళ్ళాడు. లోపల ఆయన ఏం చేశాడో ఎవరూ చూడలేదు. వచ్చేటప్పుడు చేతిలో ఆ పళ్ళెం ఉంది. ఆకులు వాడి అంచులు నల్లబడ్డాయి. అరటిపండ్ల మీద మచ్చలు వచ్చాయి. మధ్యలో, బండి లాక్కొచ్చాక తిరిగి పెట్టిన తాళం చెవి.

ఓబుళేశు చేయి చాచాడు. కేశవయ్య పళ్ళెం ఇవ్వలేదు.

“ఇది నీకే వస్తాది అప్పా. కానీ ఈడ కాదు,” అన్నాడు. “మంగళారం కిరసనాయిలు పోసే దినం కదా మీ ఊర్లో. ఆలూరుకొస్తా. నీ రేషనంగడి ముందర, వరుసలో నిలబడిన ఆడోళ్ళందరి ముందర ఈ పళ్ళెం కింద పెడతా. ఆ నీలం నూనె చెంబు కూడా పక్కన పెడతా. మాట తప్పింది కొన్నోడా, అమ్మినోడా అని వాళ్ళనే అడుగుతా. నాదే తప్పంటే బయానా వదులుకోని వస్తా. నీదంటే కట్టుబాటు నీకు తెల్సు.”

ఆ ఇంట్లో ఆయన గొంతు అంత గట్టిగా వినబడి చాలా ఏళ్ళయింది. పద్మప్రియ కళ్ళు తుడుచుకోకుండానే తండ్రిని చూస్తూ నిలబడింది.

ఓబుళేశు లేచాడు. నవ్వు పోయింది, నామం మాత్రం అట్లాగే ఉంది.

“రా శెట్టీ. మా ఊర్లో, మా అంగడి ముందర, నీ పక్కన ఎవరు నిలబడతారో నేనూ చూస్తా. నిలబడినోళ్ళ కార్డు మరుసటి నెల ఏమైతాదో వాళ్ళకూ తెల్సు.”

చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. భార్యను రమ్మని కూడా పిలవలేదు. తాను లేస్తే ఆమె లేస్తుందని ఆయనకు అలవాటు. బయట, తాను వచ్చిన కారు తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

సుబ్బరత్నమ్మ లేవలేదు.

ఇంతసేపూ ఆ నడవాలో ఆమె ఉన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు. చాప మీద కూర్చుని, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, మీగడ కట్టిన కాఫీ వైపే చూస్తోంది. రాజ్యలక్ష్మమ్మ దగ్గరికి వచ్చి, ఒంట్లో బాగలేదా అని అడిగింది. ఆమె తల అడ్డంగా ఆడించింది.

బయట హారను మోగింది.

“ఆ అంగడి ఆయప్పది కాదక్కా. నా పేరు మీద ఉండాది,” అంది సుబ్బరత్నమ్మ. చాలాకాలంగా మాట్లాడని మనిషిలా ఆమె గొంతు గరుకుగా ఉంది. “ఏలిముద్ర నాది. పట్టుబడితే జైలుకు పోయేది నేను. ప్రతి నెలా రేకు తలుపు దించి, రాలేదు పోండి అని చెప్పేదీ నేనే. ఆ ఆడోళ్ళు తిట్టేదీ నన్నే.”

హారను మళ్ళీ మోగింది. ఈసారి ఎక్కువసేపు.

పద్మప్రియ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. మంగళవారం తాము ఆలూరుకు వచ్చినప్పుడు ఈ మాట అందరి ముందూ చెప్పగలరా అని మెల్లగా అడిగింది.

“మంగళారం దాకా ఆగొద్దు పాపా. ఆ లోపల బ్యారెళ్ళన్నీ మాయం చేస్తాడు. ఖాళీ అంగడి ముందర మీ నాయిన పళ్ళెం పట్టుకోని నిలబడాల్సొస్తాది. ఈ పొద్దే పోదాం. యాడ దాచినాడో నాకు తెల్సు. నేను చూపిస్తా.”

కారు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. వాకిట్లో చెప్పులు టపటపలాడుతూ గబగబా వస్తున్నాయి. ఏమే అన్న కేక మెట్ల దాకా వచ్చింది. సుబ్బరత్నమ్మ లేవలేదు. కేశవయ్య పళ్ళెం చేతిలో పట్టుకుని భార్య వైపు చూశాడు. పరాయి మగవాడి భార్యను, ఆమె భర్తకు ఎదురు నిలిచి ఇంట్లో ఆపుకోవడం ఆ వంశంలో ఎవరూ ఎరగని పని.

పద్మప్రియ ఎవరి వైపూ చూడలేదు. లేచి వెళ్ళి, వీధి తలుపు మూసి గడియ వేసింది.